గురక, ఆయాసము: ఊపిరి చరిత్రలో రెండు ఇంటి మాటలు

వైద్యశాస్త్ర విషయమును గూర్చి వ్రాయుటకు నేను వైద్యుడను కాను. తమిళనాట, కన్నడసీమ సరిహద్దున, అల్పసంఖ్యాకుల భాషగా తెలుగును బోధించు ఉపాధ్యాయుడను. అయినను నిద్రలో ఊపిరి ఆగుట, శ్రమలో ఊపిరి అందకపోవుట అను రెండు బాధల చరిత్రను పరిశీలింపగా, ఆ చరిత్ర సగము వైద్యులది, సగము మాటలది అని తోచినది. గురక పెట్టువానిని చూచి నవ్వనివారు లేరు. పరుగెత్తి రొప్పువానిని చూచి వాడు సోమరియనో బలహీనుడనో అనుకొననివారును అరుదు. రెండువేల ఏండ్లకు పైగా జనులు ఈ రెంటిని ప్రతిదినము చూచుచునే యుండిరి. ఇవి పరీక్షింపదగిన వ్యాధిలక్షణములు కావచ్చునని నిర్ధారణ యగుటకు ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము రావలసివచ్చెను. ఇంత ఆలస్య మేల జరిగెను? ఆ ఆలస్యము నేటికిని మన ఇండ్లలో ఏ రూపమున మిగిలియున్నది? పరభాషా ప్రాంతములలో తరతరములుగా స్థిరపడిన మనవారికి ఇందు ప్రత్యేకముగా గమనింపదగిన దేమి? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున నా ప్రయత్నము.

1. మాటల పుట్టుక

గురక యనునది ధ్వన్యనుకరణము వలన పుట్టిన మాట. నిద్రించువాని గొంతులో వినవచ్చు ధ్వనినే మన పూర్వులు పేరుగా పెట్టిరి. కన్నడమున ఇది గొరకె. తమిళమున కురట్టై. మరాఠీలో ఘోరణే. ఒడియాలో ఘుంగుడి. భాషలు వేరైనను చెవి ఒక్కటే గనుక ఈ మాటలన్నియు దగ్గర చుట్టములవలె కనబడును. మైసూరు సీమలోనో, మధుర ప్రాంతముననో తెలుగు ముసలమ్మ గురక యని చెప్పినచో అచ్చటి వైద్యునకు ఇంచుమించుగా అర్థమగును.

ఆయాసము కథ వేరు. ఈ సంస్కృత పదమునకు మూలార్థము శ్రమ, ప్రయాస యని. తెలుగువాని నోట ఇది శ్రమవలన కలుగు ఫలమునకు, అనగా ఊపిరి అందక రొప్పుటకు పేరైనది. "ఆయాసము వచ్చుచున్నది" అని మనము పలికినచో వినువాడు రొమ్మువైపు చూచును. కాని ఇదే పదము కన్నడమునను తమిళమునను అలసట యను అర్థముననే నిలిచియున్నది. మరాఠీ, ఒడియాలలోను శ్రమార్థమే గాని శ్వాసార్థము లేదు. కావున కోలారులోనో సేలములోనో ఒక తెలుగు వృద్ధురాలు "రాత్రి ఆయాసము" అని మొరపెట్టుకొన్నచో, పొరుగు భాషవాడైన వైద్యుడు "రాత్రి అలసట" అని గ్రహించుటకు అవకాశము కలదు. అలసటకు బలపు మందు వ్రాయుదురు. రాత్రివేళ ఊపిరి అందకపోవుటకు గుండెను, ఊపిరితిత్తులను పరీక్షింతురు. మాట ఒక్కటే, చికిత్స రెండు. తెలియని మాటయైనచో వైద్యుడు అర్థ మడుగును. తెలిసినట్లు తోచు మాటయే మోసము చేయును.

తెలుగున శ్వాసబాధలను తెలుపు మాటలు ఇంకను కలవు. పరుగెత్తినవాడు రొప్పును, ఒగర్చును. కఫము పట్టినవాని రొమ్మున పిల్లికూతలు వినవచ్చును. దీర్ఘరోగమైనచో అది ఉబ్బసము. పొగలో చిక్కినవాడు ఉక్కిరిబిక్కిరి యగును. ఏడ్చు పసివాడు గుక్క తిప్పుకొనలేకపోవును. అన్నము తినుచు పొలమారును. అవసానకాలమున ఎగశ్వాస. వీనిలో ఏ మాటకు బదులు ఏ మాట వాడినను అర్థము చెడును. ఇంత సూక్ష్మముగా ఊపిరిని వేరుపరచి చూపు పదసంపద మన అవ్వల నోట కలదు. అది వారి మనుమల నోట ఎంత మిగిలియున్నదో మనమే విచారింపవలెను.

2. ప్రాచీనులు చూచినది

భారతీయ వైద్యులు శ్వాసరోగమును అయిదు విధములుగా విభజించిరి. చరకసంహిత చికిత్సాస్థానమున మహాశ్వాసము, ఊర్ధ్వశ్వాసము, ఛిన్నశ్వాసము, తమకశ్వాసము, క్షుద్రశ్వాసము అని వాని పేర్లు కనబడును. తమకశ్వాసము నేటి ఉబ్బసమునకు మిక్కిలి దగ్గరగా నున్నది. పడుకొన్నచో హెచ్చును, కూర్చున్నచో నెమ్మదించును, మబ్బు పట్టినపుడును చల్లగాలికిని ప్రకోపించును అని ఆ గ్రంథము చెప్పు లక్షణములు నేటి రోగులయందును కనబడునవే. ఛిన్నశ్వాసమున ఊపిరి తునుకలుగా తెగితెగి వచ్చును. అది మృత్యుసూచకమని వారి నిర్ణయము. క్షుద్రశ్వాసము రూక్షాహారము వలనను శ్రమ వలనను పుట్టునది. విశ్రాంతి తీసికొన్నచో తగ్గును గనుక దానిని పెద్ద బాధగా వారు లెక్కింపలేదు. శ్రమలో కలుగు ఆయాసమును చిన్నదిగా చూచుట అంత పూర్వమే ఆరంభమైనదన్నమాట.

ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయము మేదోరోగ ప్రకరణమున కలదు. అతిస్థూలునకు కలుగు బాధలను చెప్పుచు సుశ్రుతుడును, తరువాత మాధవనిదానకారుడును క్షుద్రశ్వాసము, అతినిద్ర, క్రథనము అను మూడింటిని ఒకే వరుసలో చేర్చిరి. క్రథనమను పదమునకు అకస్మాత్తుగా ఊపిరి అడ్డగింపబడుట యని అర్థము. శ్రమలో రొప్పు, పగటి మగత, ఊపిరి ఆగుట అను మూడును ఒకే దేహమున కూడియుండునని గుర్తించుట చిన్న విషయము కాదు. అయితే వారు గుర్తించి వ్రాసిరే గాని, నిద్రలో ఊపిరి ఆగుటకును పగటి మగతకును కార్యకారణ సంబంధమును చూపలేదు.

గ్రీకు వైద్యుడైన అరెటేయుసు, పరుగుచేతగాని వ్యాయామముచేతగాని మరియే పనిచేతగాని ఊపిరి కష్టమైనచో దానిని ఆస్తమా యందురని వ్రాసెను. అనగా ఆ పదమునకు తొలినాటి అర్థమే శ్రమతో ముడిపడియున్నది. క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దిలో హెరాక్లియా నగరమునేలిన డయొనీసియసు అను ప్రభువు కథను ప్రాచీన గ్రంథకర్త అథెనేయుసు చెప్పినాడు. అతడు మిక్కిలి స్థూలకాయుడు. గాఢనిద్రలో మునిగి ఊపిరాడక చనిపోవునేమో యను భయముతో, పొడవైన సన్నని సూదులను ప్రక్కలలో గ్రుచ్చి మేలుకొలుపవలెనని వైద్యులు విధించిరట. ఇది వినుటకు నవ్వు పుట్టించును గాని, నిద్రలో ఊపిరి ఆగిన వానిని మేలుకొలుపుటయే ప్రాణరక్షణ యను జ్ఞానము ఆ సూదిమొనయందు కలదు.

3. నవలలోని బాలుడు, బడిలోని బాలుడు

1818లో జాన్ చెయిన్, 1854లో విలియం స్టోక్సు అను డబ్లిను వైద్యులు ఊపిరి క్రమముగా పెరిగి, తరిగి, కొంతసేపు పూర్తిగా ఆగి, మరల ఆరంభమగు విచిత్రరీతిని వర్ణించిరి. నేటికిని ఆ శ్వాసరీతికి వారిద్దరి పేర్లే కలవు. 1877లో బ్రాడ్‌బెంట్ అను ఆంగ్ల వైద్యుడు, వెల్లకిల పడుకొని గురక పెట్టు వృద్ధులలో ఊపిరి లోనికి పోవుటకు అడ్డు కలిగి, కొన్ని శ్వాసలు వ్యర్థమై, పిదప పెద్ద చప్పుడుతో దారి తెరచుకొనుటను వ్రాసెను. చూచినది సరియే. కాని అది మరి ఎనుబది తొంబది ఏండ్లవరకు ఎవరి దృష్టిని ఆకర్షింపలేదు.

వైద్యులకంటె ముందు ఒక నవలాకారుడు ఈ వ్యాధికి రూపము కల్పించెను. చార్లెస్ డికెన్సు 1836–37 సంవత్సరములలో భాగములుగా ప్రకటించిన 'పిక్‌విక్ పేపర్స్' నవలలో జో అను స్థూలకాయుడైన పనిబాలుడు కలడు. వాడు తినును, నిద్రపోవును, గురక పెట్టును. తలుపు తట్టుచు నిలువుకాళ్లపైననే కునుకును. పాఠకులు నవ్విరి. మన కుంభకర్ణుని నిద్రను తోలుబొమ్మలాటలలో చూచి మనము నవ్వినట్లే వారును నవ్విరి. హాస్యపాత్రయైన వానిని రోగిగా తలచుట ఎవరికిని సాధ్యము కాలేదు. ఈ వ్యాధి ఆలస్యముగా గుర్తింపబడుటకు నవ్వు ఒక ముఖ్యకారణమని నా అభిప్రాయము.

రెండవ కారణము నింద. 1889లో విలియం హిల్ అను లండను వైద్యుడు, పిల్లలు చదువున వెనుకబడుటకును మందబుద్ధులుగా కనబడుటకును గల కొన్ని కారణములను గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నలులో వ్యాసము ప్రకటించెను. ముక్కు మూసికొనిపోయి నోటితో ఊపిరి పీల్చుచు, రాత్రి గురక పెట్టుచు, పగలు మందముగా నుండు బాలురను అతడు వర్ణించెను. ఉపాధ్యాయుడనగుటచే ఈ వ్యాసమును గూర్చి తెలిసికొన్నపుడు నాకు మిక్కిలి ఆలోచన కలిగెను. బడిలో నోరు తెరచుకొని కునుకుపాట్లు పడు బాలుని మొద్దని పిలుచుట ఏ దేశమునను క్రొత్త కాదు.

హిల్ సూచించిన దానికి నిదర్శనము నూరేండ్లు దాటిన తరువాత లభించెను. 1998లో అమెరికాలో డేవిడ్ గోజాల్ అను వైద్యుడు మొదటి తరగతిలో అట్టడుగు మార్కులు వచ్చిన 297 మంది పిల్లలను పరీక్షించెను. వారిలో 54 మందికి నిద్రలో శ్వాసలోపము కనబడెను. 24 మందికి గొంతులోని టాన్సిలు గడ్డలను, ముక్కు వెనుకనుండు అడినాయిడు కండను తొలగించిరి. మరుసటి సంవత్సరమున ఆ పిల్లల మార్కులు గణనీయముగా పెరిగెను. చికిత్స చేయించుకొనని వారి మార్కులలో అట్టి మార్పు లేదు. గురకకు కారణమైన అడ్డు తొలగగా చదువు బాగుపడిన పిల్లలు లోకమున కలరని ఉపాధ్యాయులందరు ఎరుగవలసియున్నది.

4. 1956 నుండి 1981 వరకు

1956లో అమెరికాలో బర్వెల్ అను వైద్యుడును అతని సహచరులును ఒక రోగి వృత్తాంతమును ప్రకటించిరి. అతడు మిక్కిలి స్థూలకాయుడైన వ్యాపారోద్యోగి. ఒకనాడు పేకాటలో అతని చేతికి మూడు ఆసులు, రెండు రాజులు వచ్చినవి. అంతకంటె మంచి చేయి వచ్చుట అరుదు. ఆ ముక్కలు చేత పట్టుకొనియే అతడు నిద్రపోయెను. ఆట పోయినది. అప్పుడు గాని అతడు ఆసుపత్రిలో చేరలేదు. బర్వెల్ ఈ వ్యాధికి డికెన్సు నవల పేరుననే పిక్‌విక్ లక్షణసముదాయమని పేరు పెట్టెను. నూట ఇరువది ఏండ్లు నవ్వించిన బాలుడు ఆనాటికి రోగిగా గుర్తింపబడెను. అయితే రక్తమున బొగ్గుపులుసు వాయువు హెచ్చుటయే మగతకు కారణమని వారు తలచిరి. రోగి నిద్రించుచుండగా ఎవరును కనిపెట్టి చూడలేదు.

1965లో ఫ్రాన్సుదేశమున మార్సేయి నగరమందు గాస్టో బృందమును, జర్మనీలో యుంగ్, కూలో అను వైద్యులును వేరువేరుగా ఆ పని చేసిరి. రాత్రియంతయు మెదడు విద్యుత్తును, శ్వాసను ఏకకాలమున నమోదు చేయగా రహస్యము బయటపడెను. నిద్రలో గొంతు కండరములు సడలును. నాలుక వెనుకకు జారును. ఊపిరిదారి మూసికొనిపోవును. రొమ్ము ఎగసిపడుచునే యుండును గాని గాలి లోనికి పోదు. రక్తమున ప్రాణవాయువు తగ్గును. మెదడు ఉలికిపడి ఒక్క క్షణము మేలుకొలుపును. పెద్ద గుర్రుతో దారి తెరచుకొనును. నిద్రించువానికి ఇది తెలియదు. ఇట్లు రాత్రికి వందలసార్లు జరుగవచ్చును. తెల్లవారినపుడు ఎనిమిది గంటలు పడుకొన్నవాడును నిద్రలేనివానివలె లేచును.

ఇటలీలో బొలోన్యా నగరమున లుగారెసీ బృందము ఈ పరిశోధనను విస్తరింపజేసెను. 1976లో స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమున గిల్లెమినో, డిమెంట్ ప్రభృతులు దీనికి నిద్రాశ్వాసావరోధ లక్షణసముదాయమను అర్థము గల పేరును స్థిరపరచిరి. స్థూలకాయులు కానివారికిని, పిల్లలకును ఇది కలుగునని అప్పుడే తెలిసెను. పది సెకనులు లేక అంతకు మించి ఊపిరి ఆగుటను ఒక అవరోధముగా లెక్కించుట నాటినుండి అలవాటైనది.

చికిత్స తొలుత కఠినముగా నుండెను. గొంతునకు రంధ్రము చేయుట తప్ప వేరుదారి లేకుండెను. 1981లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున కాలిన్ సలివన్ అను వైద్యుడు, దుమ్ము పీల్చు యంత్రపు మోటారువంటి దానిని తలక్రిందు చేసి, ముక్కునకు తొడిగిన తొడుగు ద్వారా మెల్లని ఒత్తిడితో గాలిని పంపెను. ఆ గాలియే గొంతును మూసికొనిపోకుండ ఊతకర్రవలె నిలిపెను. అయిదుగురు రోగులపై జరిగిన ఈ ప్రయోగము లాన్సెట్ పత్రికలో వెలువడెను. నేడు ఇండ్లలో వాడు సీపాప్ యంత్రములకు అదియే మూలము. 1993లో విస్కాన్సిన్ రాష్ట్రమున 30 నుండి 60 ఏండ్ల వయసుగల 602 మంది ఉద్యోగులను పరీక్షింపగా పురుషులలో నూటికి 24 మందికిని, స్త్రీలలో నూటికి 9 మందికిని గంటకు అయిదు లేక అంతకు మించిన అవరోధములు కనబడెను. పగటి మగతయు కూడియున్నవారు పురుషులలో నూటికి 4, స్త్రీలలో నూటికి 2. ఇది అరుదైన వ్యాధి కాదని ఆనాటితో స్పష్టమైనది. రక్తపుపోటునకును, గుండెజబ్బునకును, వాహనము నడుపుచు కునికి ప్రమాదముల పాలగుటకును దీనికి సంబంధము కలదు. లారీలు, బస్సులు నడుపువారు గల కుటుంబములు ఈ వాక్యమును రెండుమారులు చదువుదురుగాక.

5. శ్రమలో ఊపిరి

శ్రమలో కలుగు ఆయాసమును మన సమాజము ధైర్యలోపముగా చూచెను. మనకు ఊపిరి యనగా బలము. ఊపిరి బిగించి ఇనుప గొలుసులను త్రెంచిన కోడి రామమూర్తి నాయుడు ఆంధ్రుల గర్వకారణము. 1942లో ఒడిసా ప్రాంతమున ఆయన కన్నుమూసెను. అక్కడి తెలుగువారికి ఆ పేరు నేటికిని ప్రియమైనది. అట్టి వీరుని ఆదర్శముగా పెట్టుకొన్న వ్యాయామశాలలో, నాలుగు చుట్లు పరుగెత్తగానే పిల్లికూతలతో కూలబడు బాలునకు గౌరవ మెక్కడిది?

1962లో ఆంగ్లదేశమున జోన్స్ అను వైద్యుడును సహచరులును ఉబ్బసము గల పిల్లలచే వ్యాయామము చేయించి ఊపిరి కొలిచిరి. పరుగు ఆపిన తరువాత కొన్ని నిమిషములకు వారి శ్వాసనాళములు బిగిసికొనుట కనబడెను. సాధారణమైన అలసట యైనచో విశ్రాంతితో వెంటనే తగ్గవలెను. ఇది పరుగు ముగిసిన పిదప అయిదు పది నిమిషములలో హెచ్చి, తరువాత మెల్లగా తగ్గును. ఈ భేదమే గుర్తుపట్టుటకు ఆధారము. కారణమును తరువాతివారు వివరించిరి. ముక్కు మనము పీల్చు గాలిని వెచ్చచేసి తడిపి పంపును. వేగముగా పరుగెత్తునపుడు నోటితో పీల్చుట వలన చల్లని పొడిగాలి విస్తారముగా లోనికి పోయి శ్వాసనాళముల తడిని హరించును. సున్నితమైన నాళములు దానికి ముడుచుకొనును. తేమగాలిలో జరుగు ఈత వలన ఈ బాధ తక్కువగుటకును ఇదియే కారణము.

1972 మ్యూనిక్ ఒలింపిక్ క్రీడలలో రిక్ డిమాంట్ అను అమెరికా ఈతగాడు 400 మీటర్ల పందెమున గెలిచియు, ఉబ్బసమునకు వాడిన మందులో నిషిద్ధ ద్రవ్యమున్నదని స్వర్ణపతకమును కోల్పోయెను. 1984 లాస్ ఏంజెల్స్ క్రీడలకు వెళ్లిన 597 మంది అమెరికా క్రీడాకారులలో 67 మందికి వ్యాయామమున శ్వాసనాళములు బిగియు లక్షణమున్నట్లు తేలెను. తగిన చికిత్సతో వారు 41 పతకములను గెలిచిరి. ఆయాసము గలవాడు ఆటకు పనికిరాడను మాటకు ఇంతకంటె మంచి ప్రత్యుత్తరము లేదు.

6. మన సీమలో జరిగిన పరిశోధన

ఈ చరిత్రలో తెలుగుసీమకు స్వంతమైన ఒక అధ్యాయము కలదు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరమందలి క్షయ చికిత్సాలయమున డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్‌-మొల్లర్ దీర్ఘకాలము పనిచేసెను. అతడును బార్టనును 1940లో ఒక వ్యాసము ప్రకటించిరి. కొందరు రోగులకు దగ్గు కలదు, ఎక్స్‌రేలో క్షయవలె మచ్చలు కలవు, కాని క్షయక్రిములు లేవు. రక్తమున ఇయొసినోఫిల్ అను కణములు మాత్రము విపరీతముగా హెచ్చియున్నవి. దీనిని క్షయాభాసముగా వారు వర్ణించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు లాన్సెట్ పత్రికలో దీనికి ఉష్ణమండల ఇయొసినోఫీలియా యని పేరు పెట్టెను. అర్ధరాత్రి దాటిన పిదప దగ్గు, పిల్లికూతలు, ఊపిరాడక లేచి కూర్చొనుట దీని ముఖ్యలక్షణములు. మన ఇండ్లలో ఇస్నోఫీలియా యని పలుకబడు జబ్బు ఇదియే. అయితే నేడు ప్రతి దగ్గునకును ఆ పేరు పెట్టుట వాడుకయైనది.

దీనికి మందును అందించినవాడును తెలుగువాడే. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాల బోదకాలునకు హెట్రజాన్ అను మందును కనుగొనెను. 1947లో అది లోకమునకు తెలిసెను. మరుసటి యేడే సుబ్బారావుగారు పరమపదించిరి. ఆ మందే ఈ రాత్రి దగ్గునకును పనిచేయునని కొలది ఏండ్లలో తేలెను. 1960లో వేలూరు వైద్యులు ఇట్టి రోగుల ఊపిరితిత్తులలోనే బోదకాలు క్రిమి పిల్లలను చూపుటతో ఈ రెంటికిని గల సంబంధము స్పష్టపడెను. తెలుగునేలపై గుర్తింపబడి, తెలుగువాని మందుతో లొంగి, తమిళనాట కారణము రుజువైన వ్యాధి యిది.

కోలారు బంగారు గనుల కథ విషాదకరము. 1880 మొదలుకొని ఆంగ్లేయ సంస్థలు త్రవ్విన ఆ గనులలో తమిళులతోపాటు చిత్తూరు సీమనుండి వచ్చిన తెలుగువారు తరతరములు పనిచేసిరి. మూడు కిలోమీటర్లకు మించిన లోతున రాతిని పొడిచి ఎగసిన సిలికా ధూళిని పీల్చిరి. 1940 దశకమున జరిగిన పరీక్షలలో కార్మికులలో నూటికి నలువది మందికి పైగా సిలికోసిస్ కనబడెను. ఈ వ్యాధిలో మొదట మెట్లెక్కునపుడు మాత్రమే ఆయాసము. పిదప నడకలో. చివరకు కూర్చున్నచోటనే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడెను గాని, పీల్చిన ధూళి గని మూసినంత మాత్రమున రొమ్మునుండి తొలగదు. అట్టివాడు "ఆయాసము" అన్నపుడు "అలసట" అని వినుట ఎంతటి అన్యాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

7. సాక్షి ఎవరు?

నిద్రలో ఊపిరి ఆగు వ్యాధికి ఒక విచిత్ర లక్షణము కలదు. రోగికి తన రోగము తెలియదు. ప్రక్కన పడుకొన్నవారే సాక్షులు. భార్య, తల్లి, అవ్వ. వైద్యుడు తొలుత అడుగు ప్రశ్నలు వారినే అడుగవలెను. గురక మధ్య నిశ్శబ్దము వచ్చునా? ఎంతసేపు? తరువాత ఉక్కిరిబిక్కిరియై మేలుకొనునా? పగలు మాట్లాడుచు కునుకునా? శ్రమలోని ఆయాసమునకును అంతే. పరుగెత్తునపుడా, ఆపిన తరువాతనా? పిల్లికూత వినవచ్చునా? రొమ్ము నొప్పి కలదా? ఈ నొప్పి కలదన్నచో ఒక దినమైనను జాగు చేయరాదు. రక్తహీనత వలనను, గుండె బలహీనత వలనను శ్రమలో ఆయాసము కలుగును గనుక ఇంటిలో కూర్చుండి పేరు పెట్టుటయు తగదు.

మన ఇండ్లలో ఈ సాక్షులు పలువురు తెలుగు మాత్రమే బాగుగా ఎరిగిన పెద్దవారు. వారికిని వైద్యునికిని నడుమ దుబాసీ పని చేయువాడు ఇంటి మనుమడు. వానికి తమిళమో కన్నడమో వచ్చును, ఇంగ్లీషు వచ్చును. కాని రొప్పునకును పిల్లికూతకును భేదము తెలియనిచో వాడు రెంటిని ఒక్క మాటతో ముగించును. అవ్వ చూచిన సాక్ష్యము అచ్చటనే సగము నశించును. యానామువారికి మాత్రము ఈ చిక్కు లేదు. అచ్చట ఇంటి మాటయే ఊరి మాట. తక్కిన మనకు తెలుగు చదువు వలన ప్రయోజనమేమని అడుగు తల్లిదండ్రులకు నేను పద్యములను, కావ్యములను చూపుచుండుట కలదు. ఆ జాబితాలో ఈ ప్రయోజనమును కూడ చేర్చవలెనని మనవి.

సంఘములవారికి ఒక సూచన చేయుదును. ప్రతి శాఖయు ఒక చిన్న అట్టముక్కపై శ్వాసబాధల తెలుగు మాటలను, వానికి స్థానికభాషలోని సరియైన మాటలను అచ్చువేయించి ఇంటింటికి పంచవచ్చును. మన ఆయాసమునకు తమిళమున మూచ్చుత్తిణరల్, కన్నడమున ఏదుసిరు, మరాఠీలో ధాప, ఒడియాలో ధఇఁసఇఁ అని వ్రాయవలెను. గురకకు ఎదుట "మధ్యలో ఊపిరి ఆగుచున్నది" అను వాక్యమును నాలుగు భాషలలోను వ్రాయవలెను. ఈ పట్టికను తయారుచేయు పనిని తెలుగు బడుల పై తరగతుల పిల్లలకు అప్పగింపవచ్చును. వారు తమ అవ్వలను అడిగి మాటలు సేకరింతురు, స్థానిక వైద్యులకు చూపి సరిదిద్దుకొందురు. ఈ సంవత్సరము మా తరగతిలో ఆ పని ప్రారంభించితిమి. ఇప్పటికి ముప్పదియొక్క మాటలు చేరినవి. ఇతర ప్రాంతములలోని సోదర ఉపాధ్యాయులు తమ తమ ఊళ్ల మాటలను జతచేసినచో, వచ్చు సంచికనాటికి పట్టిక పూర్తి కాగలదు.